మూసీ కట్ట మీది ఇంగ్లీషు



2024 మే 30 రాత్రి. అమెరికాలో, వాషింగ్టన్ పక్కనే ఉన్న మేరీల్యాండ్‌లో పెద్ద సభ. 12 ఏళ్ల పిల్లవాడు మైకు ముందు నిలబడి, 90 సెకన్లలో 29 ఇంగ్లీషు మాటలకు స్పెల్లింగులు తప్పు పోకుండా అప్పజెప్పాడు. ఆ పోటీ పేరు స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీ. 1925లో మొదలైంది. 2024లో గెలిచిన ఆ పిల్లవాడు బృహత్ సోమ. ఉండేది ఫ్లోరిడాలో, వాళ్ల నాన్నగారిది మాత్రం మన నల్గొండ. ఆ రాత్రి బృహత్ చేతిలో ఓడి రెండో స్థానంలో నిలిచిన ఫైజాన్ జాకీ, మరుసటి ఏడు మళ్లీ వచ్చి గెలిచాడు. ఆ అబ్బాయి అమ్మానాన్నలది హైదరాబాద్. వరసగా రెండేళ్లు అమెరికా ఇంగ్లీషు పోటీలో మన తెలంగాణ ఇళ్ల పిల్లలే కిరీటం పెట్టుకున్నారు.

బృహత్‌ను గెలిపించిన మాట అబ్‌సెయిల్. జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. నిట్టనిలువు బండ మీది నుంచి తాడు పట్టుకొని, కాళ్లు రాతికి తన్నిపెట్టి, మెల్లగా కిందికి దిగడం అని దానికి అర్థం. ఉమ్మడి నల్గొండ జిల్లా వాళ్లకు ఆ పని కొత్త కాదు. భువనగిరి గుట్ట మీది రాక్ క్లైంబింగ్ స్కూల్లో పిల్లలు నేర్చుకునే పనుల్లో అదొకటి. 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట శిక్షణ తీసుకున్నది ఆ గుట్ట మీదే. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న పిల్ల. ఒకరికి ఆ మాట నిఘంటువులో దొరికింది, ఇంకొకరికి ఆ పని అరచేతుల్లో తాడు కోసుకుంటూ వచ్చింది. ఈ రెండో దారిన కూడా పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు నేర్చుకోవచ్చునని, మన ఊళ్ల పిల్లలకు అదే దగ్గరి దారి అని చెప్పడానికే ఈ ప్రసంగం.

ఇట్లాంటి వార్త పేపర్లో వచ్చిన వారం పది రోజులు మన ఇళ్లల్లో ఒక హడావుడి నడుస్తుంది. ‘రోజుకు ఇరవై మాటలు బట్టీ కొట్టు’ అని తండ్రి హుకుం వేస్తాడు. పిల్లవాడు కొత్త నోట్‌బుక్కు తెచ్చి, పేజీకి నడుమ నిలువు గీత గీసి, ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క తెలుగు రాయడం మొదలుపెడతాడు. అబాండన్, అబేట్, అబ్‌హార్... మొదటి వారం ‘ఎ’ అక్షరం, రెండో వారం ‘బి’ అక్షరం. ‘సి’ దగ్గరికి వచ్చేసరికి నోట్‌బుక్కు అటకెక్కుతుంది. మన రాష్ట్రంలో ‘ఎ’ తో మొదలయ్యే మాటలు వచ్చినంత బాగా ‘ఎమ్’ తో మొదలయ్యేవి రావంటే కారణం ఇదే అనుకుంటాను.

పెద్దపిల్లల సంగతీ అంతే. అమీర్‌పేట హాస్టల్ గదుల్లో గోడల నిండా పదాల కాయితాలు అంటించి ఉంటాయి. జీఆర్ఈ పరీక్షలో ఒకప్పుడు మాట ఇచ్చి దాని వ్యతిరేకార్థం అడిగేవారు. అందుకని మూడు వేల అయిదు వందల మాటల జాబితాలు వల్లె వేయడానికి ఒక అర్థం ఉండేది. 2011 ఆగస్టులో ఆ ప్రశ్నలు తీసేశారు. ఇప్పుడు వాక్యం ఇచ్చి, అందులో ఖాళీ వదిలి, అక్కడ ఏ మాట పొసుగుతుందో చెప్పమంటారు. పరీక్ష మారింది గాని జాబితాల అమ్మకం ఆగలేదు.

స్పెల్లింగ్ బీ పిల్లలు కూడా వట్టి బట్టీతో గెలవరు, ఈ సంగతి తల్లిదండ్రులు గమనించాలి. మైకు ముందు నిలబడ్డ పిల్లవాడు అడగదగిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఈ మాటకు అర్థం ఏమిటి, వాక్యంలో ఎట్లా వాడతారు, ఏ భాష నుంచి వచ్చింది. ఆ చివరి ప్రశ్నే వాళ్లకు ఆయువుపట్టు. గ్రీకు నుంచి వచ్చిందంటే ‘ఫ’ శబ్దానికి ‘పి’, ‘హెచ్’ అక్షరాలు కలిపి రాయాలని తెలిసిపోతుంది. 2013 నుంచి ఆ పోటీలో అర్థాలు కూడా పరీక్షిస్తున్నారు. ఏ భాష నుంచి వచ్చిందన్న ప్రశ్నకు ‘తెలుగు నుంచి’ అని జవాబు వచ్చే మాట కూడా ఒకటి ఉంది. బాండికూట్. మన పందికొక్కే అది. ధాన్యం గాదెల కింద బొరియలు చేసే ఆ జీవి పేరును ఇంగ్లీషువాళ్లు తీసుకుపోయి, ఆస్ట్రేలియాలో ఇంకేదో జంతువుకు కూడా పెట్టారు. ఇప్పుడు వీడియో గేముల్లో కూడా తిరుగుతున్నది.

ఇక మన ఊరికి వద్దాం. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, నకిరేకల్ దాటి సూర్యాపేట వైపు పోతుంటే కేతేపల్లి వస్తుంది. పక్కనే మూసీ ప్రాజెక్టు. 1963లో పూర్తయింది. నిండు మట్టం 645 అడుగులు, నిల్వ 4.46 టీఎంసీలు, కుడి ఎడమ కాలువల కింద 30 వేల ఎకరాలకు పైగా ఆయకట్టు. వానాకాలం సాయంత్రం పూట కట్ట మీదికి పోయి నిలబడండి. వినిపించే ముచ్చట ఇట్లా ఉంటుంది.

‘ఇయ్యాల ఇన్‌ఫ్లో ఎంతున్నదే?’

‘పొద్దుగాల రెండు వేల క్యూసెక్కులుండె. పట్నంల వాన దంచికొట్టింది గదా, రాత్రికి ఇంక పెరుగుద్ది.’

‘మరి గేట్లెత్తుతరా?’

‘లెవలు 644 దాటింది, ఎత్తక ఏంజేస్తరు? అవుట్‌ఫ్లో ఎక్కువైతే కింద కాజ్‌వే మునుగుద్ది. బర్లను ఇవతలికి తోలుకరమ్మను.’

ఈ నాలుగు ముక్కల్లో ఎన్ని ఇంగ్లీషు మాటలు దొర్లాయో చూశారా? ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో, క్యూసెక్కు, లెవలు, కాజ్‌వే. మాట్లాడినవాళ్లు అయిదో తరగతి దాటి ఉండకపోవచ్చు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు, అంటే 28 లీటర్ల పైచిలుకు. పట్నంలో ఇంజినీరింగు చదివే పిల్లవాణ్ణి ఆపి అడిగితే తల గోక్కుంటాడు. కట్ట మీది రైతుకు అర్థమే కాదు, అంచనా కూడా తెలుసు. ఎన్ని క్యూసెక్కులు వదిలితే తన మడికి ఎప్పుడు తడి అందుతుందో వేళ్ల మీద లెక్క చెప్తాడు. ఆయనకు ఎవరూ జాబితా ఇవ్వలేదు. ఆ మాట మీద ఆయన వరి ఆధారపడి ఉంది. ప్రతి వానాకాలం అదే మాట చెవిన పడుతుంది. పడ్డప్పుడల్లా గేటు, మట్టం, కాలువ అనే మాటల తోడుతోనే పడుతుంది. అందుకే నాటుకుపోయింది. పైగా ఆయన ఊరికే తీసుకోలేదు, ఇచ్చాడు కూడా. మన ఆయకట్టును ఇరిగేషన్ ఇంజినీర్లు తమ ఇంగ్లీషు రిపోర్టుల్లోకి అట్లాగే తీసుకున్నారు.

ఆ రైతు ఆగిపోయిన చోటి నుంచి ఆయన మనవరాలు ముందుకు పోవాలి. తాత నోట విన్న ఇన్‌ఫ్లోను ఆ పిల్ల అచ్చులో చూడాలి. ఆ తర్వాత మెట్టు ఎఫ్లుయెంట్. బయటికి పారేది అని దాని మూలార్థం. ఫ్యాక్టరీల నుంచి, మురుగు కాలువల నుంచి వచ్చే వ్యర్థజలానికి వాడతారు. దానికి అచ్చంగా కవలపిల్లలా ఉండే మాట అఫ్లుయెంట్. ఇది సంపద వచ్చి పడుతున్నవాళ్ల గురించి, అంటే ధనవంతుల గురించి చెప్పేది. రెంటికీ ఒక్క అక్షరమే తేడా. పరీక్షల్లో చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మన పిల్లలకు ఆ భయం అక్కర్లేదు. హైదరాబాద్‌లోని అఫ్లుయెంట్ కాలనీల ఎఫ్లుయెంట్ అంతా మన మూసీలోకే వస్తుంది. ఈ ఒక్క వాక్యం చాలు, కేతేపల్లి పిల్ల జన్మలో ఆ రెండు మాటల మధ్య తికమక పడదు.

మన జిల్లా పేరే ఇంగ్లీషు శాస్త్రగ్రంథాల్లోకి ఎక్కిన సంగతి ఎంతమందికి తెలుసు? అది గొప్ప కోసం ఎక్కలేదు, మన కష్టం వల్ల ఎక్కింది. మన నేలలోని గ్రానైటు రాళ్ల నుంచి భూగర్భజలంలోకి ఫ్లోరైడ్ దిగి, తరతరాల ఎముకలను వంచింది. ఫ్లోరోసిస్ అన్న మాట అర్థం మర్రిగూడ పసిపిల్లలకు కూడా ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో ఆ నీళ్లను బాగు చేసే ఒక సులువైన పద్ధతి కనిపెట్టింది. దాని పేరు నల్గొండ టెక్నిక్. టాంజానియా, కెన్యా, ఇథియోపియా లాంటి దేశాల నీటి పుస్తకాల్లోనూ అదే పేరుతో ఉంటుంది.

ఆ పద్ధతి ఒక బకెట్‌లో చూడొచ్చు. నీళ్లలో సున్నం, పటిక ద్రావణం, కాస్త బ్లీచింగ్ పౌడరు వేస్తారు. ముందు గబగబా, తర్వాత నిదానంగా కలుపుతారు. కలుపుతుంటేనే నీళ్లలో తెల్లటి పింజలు పింజలుగా ఏదో కట్టడం మొదలవుతుంది. ఇంగ్లీషులో ఆ దశ పేరు ఫ్లాక్యులేషన్. నోరు తిరగని మాట. కాని లాటిన్‌లో ‘ఫ్లాకస్’ అంటే ఉన్ని పింజ. గొర్ల మంద ఉన్న ఊరి పిల్లలకు ఇంతకంటే ఏం చెప్పాలి? తర్వాత బకెట్‌ను ఓ గంట సేపు కదిలించకుండా వదిలేస్తే పింజలన్నీ అడుక్కు దిగి, పైన నీళ్లు తేటబడతాయి. ఆ దిగడం పేరు సెడిమెంటేషన్, అడుగున మిగిలిన మడ్డి సెడిమెంట్. పైన తేరిన నీళ్లను బకెట్‌కు బిగించిన పంపు తిప్పి పట్టుకోవడమే. ఈ పద్ధతికి లోపాలూ ఉన్నాయి, పటిక మోతాదు ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది. నేను చెప్పేది నీళ్ల గురించి కాదు గనక దాన్ని వదిలేద్దాం. పదో తరగతి పిల్లలు ఒక్క బకెట్ ముందు గంట సేపు కూర్చుంటే విశ్వవిద్యాలయం స్థాయి మాటలు రెండు మూడు ఇంటికి తీసుకుపోతారు.

ఆ సెడిమెంట్ అన్న మాటను ఇంకాస్త తవ్వితే చిత్రమైన సంగతి బయటపడుతుంది. లాటిన్‌లో కూర్చోవడాన్ని చెప్పే ధాతువు నుంచి వచ్చింది అది. అడుగున కూర్చున్నది సెడిమెంట్. డాక్టరు ‘మీది సెడెంటరీ జీవితం, నడవండి’ అంటే కూర్చుని చేసే ఉద్యోగం అని. ముందు కూర్చునేవాడు ప్రెసిడెంట్. సభ కూర్చున్న కాలం సెషన్. స్థిరంగా కూర్చుని ఉండిపోయిన చోటు రెసిడెన్స్. అక్కడే ఉండి చదివే బడి రెసిడెన్షియల్ స్కూలు. 1971లో పీవీ నరసింహారావు చొరవతో మన సర్వేల్‌లో గురుకులం పెట్టినప్పటి నుంచి ఈ జిల్లాలో రెసిడెన్షియల్ అన్న మాట తెలియని ఇల్లు లేదు. ఇంకా ఉంది. న్యాయాధికారి పక్కన కూర్చొని లెక్క కట్టే పని నుంచి పుట్టింది అసెస్ అనే క్రియ. సర్కారు బడి పిల్లలు ఏడాది పొడుగునా ‘ఎఫ్ఏ వన్’, ‘ఎస్ఏ వన్’ అంటూ ఉంటారు కదా, ఆ ‘ఏ’ అసెస్‌మెంటే. ఎఫ్ అంటే ఫార్మేటివ్, పిల్లవాడు ఇంకా రూపుదిద్దుకుంటున్నప్పుడు చూసేది. ఎస్ అంటే సమ్మేటివ్, మొత్తం కూడి చూసేది. పరీక్ష రాసే పిల్లల్లో పరీక్ష పేరుకు అర్థం తెలిసినవాళ్లు ఎందరున్నారో మాస్టార్లు రేపే అడిగి చూడండి.

సంస్కృతంలో ‘సద్’ ధాతువుకు కూడా కూర్చోవడమనే అర్థం. సదస్సు, సభాసదుడు, గురువు దగ్గర కూర్చొని తెలుసుకునే ఉపనిషత్తు, అన్నీ దాని పిల్లలే. లాటిన్, సంస్కృతం ఒకే మూలం నుంచి వచ్చాయని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే పండితుడు చెప్పాడు. అంటే సెషన్, సదస్సు దాయాదులన్న మాట. తెలుగు మాత్రం ఆ కుటుంబంలోది కాదు. 1816లోనే మద్రాసులో ఎల్లిస్ అనే దొర ఆ సంగతి రుజువు చేశాడు. అయినా సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న మాటలు తక్కువేం కాదు, వాటితో పాటు ధాతువు, ఉపసర్గ, ప్రత్యయం అని మాటను విడదీసి చూసే అలవాటు కూడా వచ్చింది. తెలుగు మాస్టారు ఆగమనం, నిర్గమనం, అనుగమనం అని చెప్పిన మర్నాడే ఇంగ్లీషు మాస్టారు ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్ అని చెప్తే రెండు పాఠాలూ ఒకదాన్నొకటి మోస్తాయి. మన బళ్లలో ఆ ఇద్దరు మాస్టార్లు స్టాఫ్‌రూములో పక్కపక్కనే కూర్చుంటారు, పాఠం గురించి మాత్రం మాట్లాడుకోరు.

సరే, మాటలు లక్షలున్నాయి. ఏవి ముందు నేర్చుకోవాలి? దీని మీద పనిచేసినవాళ్లు ఉన్నారు. ఢాకాలో టీచర్ల శిక్షణ కళాశాల నడిపిన మైఖేల్ వెస్ట్, బెంగాలీ పిల్లలు ఇంగ్లీషు పుస్తకం ముందు పడే అవస్థ చూసి, ఎక్కువగా వాడకంలో ఉండే మాటలు ముందు నేర్పాలన్నాడు. 1953లో దాదాపు 2000 మాటల పట్టీ ఆయన పేరు మీద వచ్చింది. న్యూజిలాండ్‌లో ఎవెరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు న్యాయం, వాణిజ్యం, విజ్ఞానం లాంటి చదువుల పుస్తకాల నుంచి ముప్పై అయిదు లక్షల మాటల రాతను కంప్యూటరులో వడపోసి, 2000 సంవత్సరంలో 570 పద కుటుంబాలు తేల్చింది. సిగ్నిఫికెంట్, కన్సిస్టెంట్, డిరైవ్, అసెస్, ఎక్స్‌క్లూడ్ లాంటివి. చదువుల పుస్తకంలో పది మాటలకు ఒకటి ఈ 570లోదే ఉంటుంది. మన పిల్లలు ఇంటర్లో, డిగ్రీలో తడబడేది ఇక్కడే. క్లాసులో ఎవరూ వీటిని ప్రత్యేకంగా చెప్పరు, సులువైన మాటలని అనుకుంటారు. పిల్లవాడేమో ఈ మెట్టు దాటకుండానే సెస్‌క్విపెడేలియన్ లాంటి మాట నేర్చి చుట్టాల ముందు చెప్తాడు. ఆ మాటకు అర్థం ‘మరీ పొడుగాటి మాట’ అని! గ్రూప్–1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీషు పేపరు అర్హత కోసం తప్పనిసరి. అక్కడ కూడా కావలసింది ఈ నడిమి తరగతి మాటలే.

మాటకు అర్థం ఒక్కటే తెలిస్తే చాలదు, దానికి జోడు ఏదో తెలియాలి. మనం ‘బోరున ఏడ్చాడు’ అంటాం, ‘పకపక నవ్వాడు’ అంటాం. బోరున నవ్వాడు అని మూడేళ్ల పిల్ల కూడా అనదు. ఎందుకనకూడదని అడిగితే ఏ పండితుడూ సూత్రం చెప్పలేడు, అనరు అంతే. ఇంగ్లీషులోనూ అంతే. జోరు వానకు వాళ్లు హెవీ రెయిన్ అంటారు గాని స్ట్రాంగ్ రెయిన్ అనరు. టీ విషయానికొస్తే స్ట్రాంగ్ టీ, హెవీ టీ కాదు. నిలువు గీత నోట్‌బుక్కులో ఈ జోడు కనిపించదు. ఎడమ పక్క హెవీ, కుడి పక్క ‘బరువైన’. వానకు బరువేమిటని పిల్లవాడు ఆ మాటను అక్కడే వదిలేస్తాడు. అందుకని ఏ మాట రాసుకున్నా, అది దొరికిన వాక్యం మొత్తం రాసుకోవాలి.

మనం రోజూ వాడే ఇంగ్లీషు మాటల విషయంలో మరీ జాగ్రత్త. ‘ఆ ఇంటికి తూర్పు గుమ్మం మా అత్తకు సెంటిమెంట్’ అంటాం. ఇంగ్లీషువాడికి సెంటిమెంట్ అంటే మనసులోని కోమల భావం. గుమ్మంతో దానికి పని లేదు. ‘వాడు ఫీలయ్యాడు’ అంటే మనకు నొచ్చుకున్నాడని. వాళ్లకు ఆ వాక్యం సగంలో ఆగిపోయినట్టే. ఇవి తప్పులు కావు, తెలుగులో స్థిరపడ్డ తెలుగు మాటలు. వీటిని ఇంగ్లీషు పరీక్షలోకి తీసుకుపోకూడదు, అంతవరకే.

ఇక మరుపు సంగతి. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాల గుంపులు తానే వల్లె వేసి, ఎంత సేపట్లో ఎంత మరిచిపోతున్నాడో లెక్క కట్టి 1885లో పుస్తకం వేశాడు. మరిచిపోయేదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే జారిపోతుంది, ఆ తర్వాత జారడం నెమ్మదిస్తుంది అని ఆయన తేల్చిన విషయం. అంటే ఒకే రాత్రి ఒక మాటను యాభై సార్లు రాయడం చేతికి శిక్ష తప్ప ఇంకేం కాదు. ఈ రోజు, రేపు, నాలుగు రోజులకు, రెండు వారాలకు చూడాలి. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన దీనికి ఒక డబ్బా పద్ధతి చెప్పాడు. చెప్పుల డబ్బా ఒకటి తీసుకొని అట్టముక్కలతో అయిదు గదులు చేయండి. ప్రతి ఇంట్లో పాత పెళ్లిపత్రికలు ఉంటాయి. వాటి ఖాళీ పక్కలను అరచేయంత ముక్కలుగా కత్తిరించండి. ముక్కకు ఒక పక్క మాట, రెండో పక్క అది దొరికిన వాక్యం, తెలుగు అర్థం, దాని చుట్టాలు. గుర్తొచ్చిన ముక్క వెనక గదిలోకి పోతుంది, గుర్తు రానిది మొదటి గదికి తిరిగి వస్తుంది. మొదటి గది రోజూ చూడాలి, చివరి గది నెలకోసారి చూసినా చాలు. సెల్‌ఫోన్లలో ఇదే పని చేసే యాప్‌లున్నాయి. కాని ఫోను చేతికిస్తే పిల్లవాడు మాటల దగ్గరే ఆగుతాడన్న నమ్మకం నాకు లేదు.

తెలుగు అర్థం రాసుకోమని ఊరికే అనలేదు. ఇంగ్లీషును ఇంగ్లీషులోనే నేర్చుకోవాలి, తెలుగు అడ్డం రాకూడదు అనే వాదం ప్రైవేటు బళ్లలో గట్టిగా ఉంది. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే చోట్లు కూడా ఉన్నాయి. నా దృష్టిలో అది చదువు కాదు. 2022–23 నుంచి తెలంగాణ సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీషు మీడియం తెచ్చినప్పుడు పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో వేశారు. ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు. ఆ పుస్తకం మన చేతిలో ఉన్న మంచి నిఘంటువు. ఫొటోసింథసిస్ పక్కనే కిరణజన్య సంయోగక్రియ ఉంటుంది. మొదటి చూపుకు రెండూ నోరు తిరగనివే. కిరణం, సంయోగం తెలిసిన పిల్లవాడికి ఫొటో అంటే వెలుతురని, సింథసిస్ అంటే కలిపి కట్టడమని ఒక్కసారి చెప్తే చాలు. తర్వాత సింథటిక్ చీర కూడా తనంతట తానే అర్థమవుతుంది. 1852లో బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. ఆయన కూడా ఒక భాషను పట్టుకొనే ఇంకో భాషలోకి దిగాడు, పండితులను జీతమిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తెలుగు అర్థంతో పని మొదలుపెట్టిన పిల్లలు ఎనిమిది తొమ్మిది తరగతులకు వచ్చేసరికి ఆక్స్‌ఫర్డ్ వాళ్ల అడ్వాన్స్‌డ్ లర్నర్స్ డిక్షనరీకి మారవచ్చు. పెద్ద మాటలకు కూడా చాలా మటుకు అందులో దాదాపు 3000 సులువైన మాటలతోనే అర్థం చెప్తారు.

పెద్ద మాట నేర్చుకోవడం అర్థం చేసుకోవడానికి, ప్రదర్శనకు కాదు. ‘యూజ్’ చాలిన చోట ‘యుటిలైజ్’ పెట్టి, దరఖాస్తు నిండా అడ్డమైన లాటిన్ కుమ్మరించేవాళ్లు మన ఆఫీసుల్లో ఇంకా ఉన్నారు. చదివే అధికారికి అసలు సంగతి దొరకదు, దరఖాస్తు కింది పొరలోకి పోతుంది. నేర్చిన మాటల్లో చాలా మటుకు చదివేటప్పుడు, వినేటప్పుడు అక్కరకు వస్తాయి. రాసేటప్పుడు పదింటిలో ఒకటి వాడితే ఎక్కువ.

చివరగా అదే 65వ నంబరు రహదారి మీది మన కొర్లపహాడ్ టోల్‌ప్లాజా. ప్రతి టోల్ గేటు దగ్గరా ఎవరెవరు రుసుము కట్టనక్కర లేదో చెప్తూ ఒక పెద్ద బోర్డు ఉంటుంది. దాని మీద ఎగ్జెంప్టెడ్ అన్న మాట ఉంటుంది. మినహాయించబడిన అని. ఇ, ఎక్స్, ఇ, ఎమ్, పి, టి, ఇ, డి. నడుమ ఉన్న ‘పి’ పలికీ పలకనట్టు పోతుంది, రాయడం మాత్రం మరువకూడదు. ఆ బోర్డు కింద నుంచి రోజూ పోయే మన పిల్లల్లో దాన్ని చదివి అర్థం చెప్పగలిగినవాళ్లు ఉంటే, అదే మాట రేపు ఫీజు రాయితీ కాయితంలో, ఆదాయపు పన్ను ఫారంలో ఎదురైనప్పుడు తడుముకోరు. భూమి కాయితాల్లోని మ్యుటేషన్, సక్సెషన్, ఎన్‌కంబరెన్స్ కూడా అంతే. ఆ మాటలు తెలియని రైతు ఇంకొకరు చూపిన చోట సంతకం పెడతాడు.

కాబట్టి తల్లిదండ్రులకు, మాస్టార్లకు, ముఖ్యంగా పిల్లలకు నాదొక విన్నపం. రేపు పుస్తకాల దుకాణానికి పోయి పదాల జాబితా కొనకండి. ఈ నెల కరెంటు బిల్లు ఇంట్లో ఎక్కడో మేకుకు గుచ్చి ఉంటుంది. అది తీయండి. ఎరియర్స్, సర్‌చార్జి, టారిఫ్, డ్యూ డేట్, డిస్‌కనెక్షన్. ఆ కాయితం మీద ఉన్న ప్రతి ఇంగ్లీషు మాటకు ఇంట్లో అందరూ కలిసి తెలుగులో అర్థం చెప్పుకోండి. తెలియని దానికి డిక్షనరీ చూడండి. అది అయిపోయాక రేషన్ కార్డు, బ్యాంకు పాసు పుస్తకం, మందు డబ్బా మీది చీటీ ఉన్నాయి.